మా డైనింగ్ టేబుల్‌కి వెల కట్టిన ఆరు వారాలు

కోడంబాక్కంలో మా పాత ఇల్లు బిల్డరుకి ఇవ్వాలని ఖాయమయ్యాక, సామాను పంచుకోవడం ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. బీరువా అన్నయ్యకి, కుట్టు మిషను నాకు, ఇత్తడి బిందెలు చెరో రెండు. చివరికి డైనింగ్ టేబుల్ మిగిలింది. అన్నయ్య హైదరాబాద్‌లో ఉంటాడు, వాళ్ల ఫ్లాట్‌లో దానికి చోటు లేదు. నాకేమో అది కావాలి. పదో తరగతి లెక్కలన్నీ దాని మీదే చేశాను. చివరి రోజుల్లో నాన్న మంచం దిగి వచ్చి కూర్చున్నది కూడా దాని ముందే.

"నువ్వే ఉంచుకో. కాకపోతే వెల ఎంతో తేల్చి లెక్కలో వేద్దాం. రేపు పిల్లలు ఎవరూ ఒక మాట అనుకోకూడదు" అన్నాడు అన్నయ్య. నాకూ అదే సబబనిపించింది. ఎంతుంటుందని అడిగితే, "బర్మా టేకు, దొరల కాలం నాటిది, లక్షన్నర ఉండదూ?" అన్నాడు. వదిన, పాత సామానుకి పాతికవేలు వస్తే గొప్ప అంది. అమ్మకి అసలు ఆ మాటే నచ్చలేదు. "మీ తాతయ్య కొన్నదానికి వెల ఏమిటే?" అంది.

నా టెన్షన్ ఏమిటంటే, లెక్క తేల్చాల్సినదాన్ని నేనే, ఉంచుకునేదాన్నీ నేనే. తక్కువ కడితే అన్నయ్యకి అన్యాయం. ఆ మాట ఆయన పైకి అనకపోయినా నాకు తెలుస్తూనే ఉంటుంది. అందుకే ఎవరో ఒకరిని అడిగి ఒక అంకె వేసేసుకుందామని అనిపించలేదు. ఒక నోట్ పుస్తకం కొని మొదటి పేజీలో టేబుల్ కొలతలు రాసుకున్నాను. పొడవు 6 అడుగులు, వెడల్పు మూడున్నర, పై పలక మందం ఒకటింబావు అంగుళం. తరిమెన పట్టిన, అంటే లేత్ మీద తిప్పుతూ చెక్కిన కాళ్లు నాలుగు, ఇక్కడి వడ్రంగులు ఆ పనిని కడైసల్ అంటారు. ఒక చివర స్పూన్లు పెట్టుకునే సొరుగు. పేము అల్లిన కుర్చీలు ఆరు.

తాతయ్య ఫస్ట్ లైన్ బీచ్‌లో, అంటే ఇప్పటి రాజాజీ సాలైలో, ఒక షిప్పింగ్ ఆఫీసులో గుమస్తా. 1947 తర్వాత ఇంగ్లీషువాళ్లు ఇళ్లు ఖాళీ చేస్తూ సామాను అమ్ముకుంటున్నప్పుడు ఈ టేబుల్ కొన్నారని ఇంట్లో చెప్పుకునేవాళ్లం. వందేళ్లకి పైబడిందని, బర్మా టేకని కూడా. తాతయ్య అన్నగారు కాకినాడ నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లి, 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు నడిచి తిరిగొచ్చిన మనిషి. కాబట్టి మా ఇంట్లో మంచి చెక్క ఏది కనిపించినా బర్మాదే. రసీదు మాత్రం లేదు.

ఇక్కడ పాలిష్ సంగతి చెప్పాలి, ఎందుకంటే లెక్క అంతా దాని చుట్టూనే తిరిగింది. రెండేళ్ల కిందట నాన్న సహస్ర చంద్ర దర్శనానికి చుట్టాలంతా వస్తారని నేనే పట్టుబట్టి టేబుల్‌కి పాలిష్ చేయించాను. అప్పటికి దాని మీద వేడి సాంబారు గిన్నెలు పెట్టిన తెల్లటి వలయాలు, ఇనుప బాణలి పెట్టిన నల్ల మచ్చలు, నా కంపాస్ పెట్టె గీతలు ఉండేవి. ఒక కాలు కదిలేది. పనివాళ్లు మేడ మీదకి ఎక్కించి, మిషనుకి ఉప్పు కాగితం బిగించి పై పలకంతా తెల్లబడేదాకా గీకారు. తర్వాత సీలర్ కొట్టి, మెలమైన్ పాలిష్ మూడు పూతలు వేశారు. కుర్చీలతో కలిపి 18,000 తీసుకున్నారు. టేబుల్ అద్దంలా మెరిసింది. నాన్న దాని మీద అరచేత్తో రాస్తూ ఎంతసేపు కూర్చున్నారో. ఆ సంతోషానికి నేను ఈరోజుకీ వెల కట్టను.

కానీ పాలిష్‌కి ముందు ఒక్క ఫొటో కూడా తీయలేదు. అప్పుడు ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

మొదట ఈస్ట్ కోస్ట్ రోడ్డులో పాత సామాను అమ్మే ఒక దుకాణానికి వెళ్లాను. అక్కడ మా టేబుల్‌ని పోలినది ఒకటి ఉంది, లక్షా పదివేలని చీటీ కట్టి. గుండె ఝల్లుమంది, అన్నయ్య అన్నదే నిజమేమో అనుకున్నాను. యజమానికి మా టేబుల్ ఫొటోలు చూపిస్తే, మర్నాడు ఇంటికొచ్చి చూసి, కుర్చీలతో సహా 22,000 ఇస్తానన్నాడు, బండి, కూలీ తనదే. మీ దుకాణంలో లక్షా పదివేలుంది కదా అంటే, ఆయన ఏమీ నొచ్చుకోకుండా కూర్చోబెట్టి చెప్పాడు. అది కొని పద్నాలుగు నెలలైందట, చీటీ మీద ధర అడిగే ధరే తప్ప ఎవరో ఇచ్చింది కాదు, దాని వెనక అద్దె, పనివాళ్లు, మళ్లీ పాలిష్, అమ్ముడుపోని మిగతా పదీ ఉన్నాయి. నాకు అతను మోసం చేస్తున్నాడనిపించలేదు. దుకాణదారు కొనే ధర, దుకాణంలో అమ్మే ధర రెండూ నిజమే. కాకపోతే ఆ రెండిట్లో ఏదీ అన్నయ్యకీ నాకూ మధ్య ధర కాదు.

తర్వాత చెక్క ధరే తెలుసుకుందామని పుళల్ వైపు జీఎన్‌టీ రోడ్డులో ఉన్న టింబర్ డిపోలకి వెళ్లాను. మా నెల్లూరు బస్సు వెళ్లే దారే అది, చిన్నప్పటి నుంచి కిటికీలోంచి ఆ దుంగల గుట్టలు చూస్తూనే ఉన్నాను. కూల్చిన ఇళ్ల పాత కలప కొనే ఒకాయన, మాటలో సూళ్లూరుపేట యాస, నా నోట్ పుస్తకం తీసుకుని లెక్క వేశాడు. పై పలక 6 అడుగులు, మూడున్నర అడుగులు, ఒకటింబావు అంగుళం అంటే దాదాపు 2.2 ఘనపుటడుగులు. కాళ్లు 4 అంగుళాల చదరం నుంచి చెక్కినవి, నాలుగూ కలిపి ఒకటి పైచిలుకు. చుట్టూ ఉన్న పట్టీలు అర పైన. మొత్తం 3.8 ఘనపుటడుగులు. టేకు బరువు ఘనపు మీటరుకి 650 కేజీల దరిదాపు కాబట్టి టేబుల్ 70 కేజీలు ఉంటుందన్నాడు. మేడ ఎక్కించినప్పుడు నలుగురు ఎందుకు ఆయాసపడ్డారో అప్పుడు తెలిసింది.

"పలకలకి అడుక్కి మూడు వేలు ఇస్తానమ్మా. కడైసల్ కాళ్లు నాకు పనికిరావు, మళ్లీ కోస్తే ఏం మిగల్దు. వెయ్యి వేసుకో" అన్నాడు. అంతా కలిపి తొమ్మిది వేల చిల్లర. ఇంకో మాట కూడా చెప్పాడు. బర్మా 2014 ఏప్రిల్ 1 నుంచి ముడి దుంగల ఎగుమతి ఆపేసింది, అప్పటి నుంచి చెట్టినాడులో కూల్చిన ఇళ్ల కలప కోసం ఇక్కడివాళ్లు ఎగబడతారని. "మీ పలక వెడల్పెంత?" అని అడిగాడు. 14 అంగుళాలు, అలాంటివి మూడు పక్కపక్కన అన్నాను. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "అలాగైతే కోయించకు తల్లీ. తోటల్లో త్వరగా పెంచి కొట్టిన టేకులో అంత వెడల్పు చేవ దొరకదు, ఆరేడు ముక్కలు అతకాలి." తొమ్మిది వేలకి కొంటానన్న మనిషే కోయించకు అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఆ టేబుల్ మీద గౌరవం పెరిగింది.

అలాంటిదే కొత్తగా చేయిస్తే ఎంత? అది మాకు బాగా తెలిసిన వడ్రంగి చేత రాయించాను. తరుగు పోను 3.8 ఘనపుటడుగులు రావాలంటే ఐదున్నర కొనాలి. మంచి టేకు 5,500 చొప్పున 30,250. ఇద్దరు మనుషుల కూలి 28,000, లేత్ పని 6,000, పాలిష్ 16,000, బండి 2,000. మొత్తం 82,250, కుర్చీలు కాక. అన్నయ్యకి ఫోన్లో చదివి వినిపిస్తే, "చూశావా, మరి పాతదానికి ఇంకా ఎక్కువే ఉండాలి కదా" అన్నాడు. అది అలా కుదరదని అప్పటికే నాకు కొంచెం అర్థమవుతోంది. చేయించడానికి అయ్యే ఖర్చు వేరు, కొనేవాడు ఇచ్చేది వేరు. ఇప్పుడు చెన్నైలో కట్టే ఫ్లాట్లలో ఆరడుగుల టేబుల్ వేస్తే కుర్చీ వెనక్కి లాగడానికి జాగా ఉండదు. కొనగలిగేవాళ్లు తక్కువ మంది.

ఆన్‌లైన్‌లో చూడటానికి ఎక్కువ సమయం పెట్టాను గాని అందులో చెప్పుకోదగింది ఒక్కటే. ఓఎల్ఎక్స్‌లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో చెన్నై, బెంగళూరు ప్రకటనలు పదకొండు రాసుకున్నాను, 28,000 నుంచి లక్షా నలభై వేల దాకా. నెల తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "అమ్ముడైందా అండీ, ఎంతకి పోయింది?" అని అడిగాను. నాలుగు అమ్ముడయ్యాయి. ముగ్గురు మాత్రమే ధర చెప్పారు. ముగ్గురూ తాము పెట్టినదాని కన్నా పాతిక శాతం దాకా తగ్గించుకున్నవాళ్లే. అరవై వేలు దాటి పోయినది ఒక్కటీ లేదు. లక్ష దాటి పెట్టినవన్నీ అక్కడే ఉన్నాయి.

నాలుగో వారంలో ఒక పెద్దాయన దొరికారు. వేలాల కంపెనీలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. మద్రాసులో ఆదివారం వేలాలంటే మర్రే కంపెనీ పేరు చెప్పేవాళ్లు మా నాన్న తరంలో. ఆ లోకం తెలిసినవాళ్లు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. ఫోన్లోనే రెండు సంగతులు ఖరాఖండిగా చెప్పారు. ఫీజు 3,500, వెల ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా అంతే. ఇంకోటి, తాను కొనరు, కొనేవాళ్లని తీసుకురారు. వెలలో శాతం తీసుకునేవాళ్ల చేత, కొనాలనుకునేవాళ్ల చేత వెల కట్టించకూడదన్నారు. అప్పుడే ఆయన మీద నాకు నమ్మకం కలిగింది.

వచ్చీ రాగానే, "ఎందుకు కావాలమ్మా వెల?" అని అడిగారు. టేబుల్ వైపు ఇంకా చూడనే లేదు. అమ్మడానికా, ఇన్సూరెన్సుకా, పంపకానికా? ఇన్సూరెన్సుకైతే అలాంటిది మళ్లీ తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు, రేపే డబ్బు కావాలంటే దుకాణదారు చేతికిచ్చేది, పంపకానికైతే తొందర లేని అమ్మేవాడూ తొందర లేని కొనేవాడూ కుదుర్చుకునే ధర రాయాలట. అన్నయ్యా వదినా మొదటి రోజు చెప్పిన అంకెలు గుర్తొచ్చాయి. ఇద్దరూ తప్పు చెప్పలేదు, చెరో ధర చెప్పారంతే.

తర్వాత సంచిలోంచి టార్చిలైటు, అయస్కాంతం, దూది, స్పిరిట్ సీసా, సన్నటి సూది తీశారు. డెబ్భై దాటిన మనిషి, చాప కూడా అడగకుండా నేల మీద వెల్లకిలా పడుకుని టేబుల్ కిందకి జరిగారు. నేనూ పక్కనే పడుకుని చూశాను. యాభై ఏళ్లుగా ఆ టేబుల్ మీద తిన్న మా ఇంట్లోవాళ్లం ఎవరమూ దాన్ని కింద నుంచి చూసినవాళ్లం కాదు.

కింద వేరే టేబుల్ ఉంది. పైన మెరిసే ఎర్రటి పాలిష్, కింద ముదురు గోధుమ రంగులో గరుగ్గా ఉన్న పాత చెక్క. టార్చిలైటు ఏటవాలుగా పట్టి రంపం గీతలు చూపించారు. తిన్నగా, సమానంగా ఉన్నాయి, అంటే మిల్లులో కోసిన పలకలు. వాటి మీద అక్కడక్కడ చేత్తో చిత్రిక పట్టిన పల్లాలు వేలికి తగిలాయి. కాళ్లకీ పట్టీలకీ మధ్య మేకులు లేవు, ఒక చెక్కని నాలుకలా చెక్కి ఇంకోదాని బెజ్జంలో దూర్చి, అడ్డంగా చెక్క చీల కొట్టారు. సొరుగు మూలల్లో విసనకర్రలా వెడల్పయ్యే పళ్లు ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉన్నాయి, వడ్రంగులు డవ్‌టెయిల్ అంటారు. అవి ఒకే కొలతలో లేవు, చేత్తో కోసినవి కాబట్టి. సొరుగు అడుగు మాత్రం ప్లైవుడ్, తర్వాత మార్చింది కాదు, గాడిలో మొదటి నుంచీ కూర్చున్నదే. "1930కి అటూ ఇటూ అమ్మా. పద్దెనిమిది వందల్లోది మాత్రం కాదు" అన్నారు.

అమ్మ తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆమె ముఖం చూడలేకపోయాను.

సొరుగులో అడుగున పరిచిన ఒక పాత కాగితం నా దగ్గర రుజువులా దాచుకున్నాను. 1951 నాటి ఆంధ్రపత్రిక ముక్క, ఒక మూల అమృతాంజనం ప్రకటనతో సహా. ఆ పత్రికా ఆ బామూ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారివే, 1914 నుంచి పత్రిక మద్రాసులోనే వచ్చేది. నేను ఎంతో ఆశగా చూపిస్తే పెద్దాయన మెల్లగా చెప్పారు: "ఇది కాగితం వయసు చెబుతుంది, టేబుల్ వయసు కాదు. పాత కాగితం ఎప్పుడైనా పరచొచ్చు. అయినా పారేయకండి. ఈ టేబుల్ తెలుగు చదివేవాళ్ల ఇంట్లో చాలాకాలం ఉందని చెబుతోంది కదా."

చెక్క సంగతీ అంతే. పట్టీ లోపలి వైపు కొంచెం గీకి వాసన చూపించారు, తోలు వాసన, వేలికి జిడ్డు. వయసు గీతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, నెమ్మదిగా పెరిగిన చెట్టు. టేకు, అందులో అనుమానం లేదు. బర్మాదేనా అంటే, కంటితో చూసి ఎవరూ ఒట్టేసి చెప్పలేరన్నారు. మలబారు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే, నిలంబూరులో 1840ల్లోనే కలెక్టర్ కానలీ టేకు తోట వేయించాడు, ఇక్కడి వడ్రంగులకి ఆ చెక్కా వచ్చేది, రంగూన్ చెక్కా వచ్చేది. కాబట్టి రిపోర్టులో "పాత టేకు" అనే రాస్తానన్నారు. నాకు ఆ నిజాయితీ నచ్చింది గాని, తాతయ్య అన్నగారు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

తర్వాత పాలిష్. దూదిని స్పిరిట్‌లో ముంచి కాలి లోపలి వైపు, మిషను తగలని చోట, ఒక నిమిషం అదిమి పట్టారు. దూది గోధుమ రంగులోకి మారింది. అది పాత లక్క పాలిష్, ఫ్రెంచ్ పాలిష్ అంటారే అది, స్పిరిట్‌లో కరుగుతుంది. అదే దూది పై పలక అంచున పెడితే ఏమీ కాలేదు. మెలమైన్ ఒకసారి గట్టిపడితే స్పిరిట్‌కి లొంగదు. గిన్నె వేడికి లక్క మీద తెల్ల వలయాలు పడతాయి, మెలమైన్ వాటిని బాగానే ఆపుతుంది. అందుకే రోజూ తినే ఇంటికి అది పనికొచ్చే పాలిషే అన్నారు. కానీ లక్క పోతే దాన్ని మళ్లీ రుద్ది వేసుకోవచ్చు, మెలమైన్ తీయాలంటే మళ్లీ గీకాలి, గీకినప్పుడల్లా చెక్క పోతుంది. అంచు చుట్టూ మూడు సన్నటి గాడులు ఉండేవి. మధ్యది చాలాచోట్ల దాదాపు చదునైపోయింది. ఆయన గోటితో ఆ గాడి వెంట పోతూ, ఎక్కడ ఆగిపోతోందో చూపించారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"పేరున్న పనివాళ్లు చేసిన వస్తువైతే, వందేళ్లు దాటినదైతే, ఈ పని సగం ధర తినేసేది. దీనికి అంత నష్టం లేదు. కొనేవాళ్లలో ఎక్కువమందికి ఇలా మెరుస్తూ ఉంటేనే ఇష్టం" అన్నారు. పేరున్నవాళ్లంటే ఎవరని అడిగాను. మద్రాసులో కర్జన్ కంపెనీ లాంటి చోట చేయించినవైతే ఎక్కడో ఒకచోట పేరు బిళ్ల ఉంటుంది, దానికోసమే ఇందాకటి నుంచి వెతుకుతున్నానన్నారు. వెతికిన చోట సొరుగు వెనక పట్టీ మీద ఒక గుండ్రటి లేత మచ్చ ఉంది, రూపాయి బిళ్లంత, దానికి అటూ ఇటూ రెండు చిన్న మేకు రంధ్రాలు.

"ఇక్కడేదో ఉండేదమ్మా."

అప్పుడు అమ్మ అంది, "అవును, ఇత్తడి బిళ్ల. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఉండేది. దీపావళికి చింతపండు పెట్టి తోమేదాన్ని." పాలిష్‌కి ముందు రోజు కూడా ఉందట. పనివాళ్లకి ఫోన్ చేశాను. గుర్తులేదన్నారు, చిన్న ముక్కలేవైనా ఉంటే ఊడ్చేసి ఉంటారన్నారు. రెండేళ్ల తర్వాత వాళ్లని ఏమనగలను? ఆ రోజు నేను పక్కన ఉండి, మీరు విప్పినవన్నీ ఒక డబ్బాలో వేయండి అని చెప్పి ఉంటే సరిపోయేది. అన్నయ్య పాత ఆల్బమ్‌లన్నీ వెతికాడు. 1978లో తన పుట్టినరోజు ఫొటోలో టేబుల్ ఉంది గాని, పొడుగాటి గుడ్డ కప్పి ఉంది.

పెద్దాయన నన్ను ఓదార్చలేదు, ఊహించి ధర పెంచనూ లేదు. గుండ్రంగా అంత చిన్నదంటే తయారీదారు పేరు కన్నా సామాను నంబరు బిళ్ల అయి ఉండే అవకాశం ఎక్కువ, క్లబ్బుల్లో, రైల్వేలో, ఆఫీసుల్లో కొట్టేవారు అన్నారు. అయితే దొర ఇంట్లోది కూడా కాకపోవచ్చు. కనిపించనిదానికి ధర వేయకూడదని, రెండు రంధ్రాల సంగతి ఉన్నది ఉన్నట్టు రిపోర్టులో రాశారు.

కుర్చీల్లో నాలుగు మాత్రమే టేబుల్‌తో పుట్టినవి. మిగతా రెండూ తర్వాతెప్పుడో నాన్న చేయించినవి, చూడ్డానికి ఒకటే గాని ఎత్తితే తేలిక. పుచ్చు ఉందేమోనని సూదితో గుచ్చి చూశారు, ఎక్కడా పొడి రాలలేదు.

వారానికి రిపోర్టు వచ్చింది, రెండు పేజీలు, కొలతలు, పద్నాలుగు ఫొటోలతో. పంపకం కోసం 48,000 నుంచి 56,000, కుర్చీలతో కలిపి. దుకాణదారు నగదు ధర 20,000 నుంచి 25,000 అని, కొత్తగా చేయించే ఖర్చు వేరే అని పక్కన రాశారు. నా పుస్తకంలో అమ్ముడైన మూడింటి ధరలూ దీనికి దగ్గరగానే ఉన్నాయి. మేము మధ్యలో 52,000 అనుకున్నాం.

అంతటితో అయిపోలేదు. అన్నయ్య, "నువ్వు పాలిష్‌కి పెట్టిన 18,000 తీసేసి మిగతా 34,000లో సగం నాకివ్వు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఖర్చంతా వెలలోకి రాదు కదా. పాలిష్ లేకుండా, మచ్చలతో, కదిలే కాలితో ఉంటే ఎంత రాసేవారని పెద్దాయనకి ఫోన్ చేసి అడిగాను. ఫొటోలు లేవు కాబట్టి గట్టిగా చెప్పలేనని, 40,000 అనుకోవచ్చని అన్నారు. అంటే నేను పెట్టిన 18,000 తెచ్చినది 12,000. ఆ పన్నెండు నాది, మిగతా 40,000 ఇద్దరిదీ. అన్నయ్యకి 20,000 పంపాను. మూడు వేల దగ్గర కాసేపు వాదించుకున్నాం, ఆయన తక్కువ చాలంటాడు, నేను ఎక్కువ తీసుకోమంటాను. వదిన ఫోన్ లాక్కుని, "ఇద్దరూ ఆపండి, అత్తయ్యకి నిద్ర పాడవుతోంది" అంది.

పోయిన నెల టేబుల్ నా ఫ్లాట్‌కి వచ్చింది. లిఫ్టులో పట్టలేదు, కాళ్లు విప్పించి మెట్ల మీదుగా ఐదో అంతస్తుకి తెచ్చాం. ఈసారి చీలలన్నీ ఒక హార్లిక్స్ సీసాలో నేనే వేసి మూత పెట్టాను.

సొరుగులో ఆంధ్రపత్రిక ముక్కని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మళ్లీ అక్కడే ఉంచాను. పక్కన రిపోర్టు జిరాక్సు, నా చేత్తో రాసిన ఒక కాగితం. అందులో తాతయ్య పేరు, ఇంట్లో చెప్పుకునే మాట, అది ఇంట్లో మాట మాత్రమేనన్న సంగతి, పాలిష్ ఎప్పుడు ఎలా చేశారో, ఎంత గీకారో అన్నీ రాశాను. అన్నయ్య వచ్చినప్పుడు చదివి కింద తేదీ వేసి సంతకం పెట్టాడు. అమ్మని, బిళ్ల మీద ఏముండేదో ఇంకోసారి గుర్తు చేసుకోమన్నాను. కళ్లు మూసుకుని, తోముతున్నట్టు బొటనవేలు కదిలించింది. చదువు రాని చేతికి గుర్తున్నట్టే చెప్పింది, నేను అలాగే రాశాను: ఇత్తడి బిళ్ల, గుండ్రం, మీద అంకె 17 గానీ 71 గానీ.